ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, ఆడేది లిబెరో: కాలేజీ వాలీబాల్ దాకా వెళ్లగలదా?

ప్రశ్న: మాది గుంటూరు దగ్గర. పదేళ్లుగా టెక్సస్‌లోని ఫ్రిస్కోలో ఉంటున్నాం. మా అమ్మాయి పదో తరగతి. క్లబ్బులో లిబెరోగా, అంటే వెనక వరసలో ఉండి బంతి అందుకునే స్థానంలో ఆడుతుంది. ఎత్తు 5 అడుగుల 5 అంగుళాలు, ఇక పెరిగేలా లేదు. జీపీఏ 3.9. క్లబ్బు కోచ్ "డివిజన్ 1 ఆడగలదు" అంటున్నారు. ఫీజు, ప్రయాణాలు, హోటళ్లు కలిపి ఏడాదికి తొమ్మిది వేల డాలర్లు దాటుతున్నాయి. పిల్ల ఇరవై కాలేజీలకు మెయిల్ పెడితే ఒక్క కోచ్ కూడా జవాబివ్వలేదు. మావారు "ఆట చాలు, ఎస్ఏటీకి కూర్చోబెట్టు" అంటున్నారు. ఆయన హెచ్-1బీ, మేం హెచ్-4. స్కాలర్‌షిప్ వస్తుందా? చదువు పాడవుతుందా? నాలుగేళ్లు ఆడాక ఏం మిగులుతుంది?
- ఒక తల్లి, ఫ్రిస్కో

సమాధానం: ముందు ఆ జవాబు రాని మెయిళ్ల సంగతి చూద్దాం. పదో తరగతి పూర్తయ్యాక వచ్చే జూన్ 15 దాకా డివిజన్ 1, డివిజన్ 2 కోచ్‌లు మీ అమ్మాయికి ఫోన్ చేయకూడదు, మెసేజ్ పెట్టకూడదు, జట్టులోకి తీసుకుంటామని నోటిమాటగానైనా చెప్పకూడదు. కాలేజీ ఆటలను డివిజన్ 1, 2, 3 అని మూడు అంచెలుగా నడిపే ఎన్‌సీఏఏ పెట్టిన నిబంధన ఇది. క్యాంపు ప్రకటనో, ప్రశ్నావళి లింకో పంపొచ్చు, అంతవరకే. మీ పిల్ల రాసింది చదువుతారు, పేరు రాసి పెట్టుకుంటారు, క్లబ్బు కోచ్‌ని అడిగి తెలుసుకుంటారు. కాబట్టి ఇప్పుడు జవాబు రాలేదంటే వద్దన్నట్టు కాదు. అలాగే "మా క్యాంపుకి రా" అని వచ్చే మెయిల్ రమ్మని పిలిచినట్టూ కాదు. అది వందల మందికి ఒకేసారి వెళ్లే ప్రకటన. దాన్ని నమ్మి వేసవంతా క్యాంపులకు డబ్బు పోసే తల్లిదండ్రులు చాలామంది ఉన్నారు. కోచ్ మెయిల్‌లో మీ అమ్మాయి ఆడిన ఫలానా మ్యాచ్ ప్రస్తావన ఉంటేనే దాన్ని పట్టించుకోండి.

జూన్ 15 దాటాక పరిస్థితి వేరు. పెద్ద జట్లు ఆ అర్ధరాత్రి నుంచే ఫోన్లు మొదలుపెడతాయి. ఆగస్టు 1 నుంచి క్యాంపస్‌కి పిలవొచ్చు. అయితే బంతి కొట్టే హిట్టర్లు, వాళ్లకు బంతి ఎత్తి ఇచ్చే సెటర్లు కుదిరాకే కోచ్‌లు లిబెరోల వైపు చూస్తారు. అందుకని జూన్‌లో ఫోన్ మోగకపోతే బెంగ పడొద్దు. పదకొండో తరగతి క్లబ్బు సీజన్ సగానికి వచ్చినా ఏ డివిజన్ 1 కోచూ పలకరించకపోతే మాత్రం వెతుకులాటను మరో వైపు తిప్పాలి. డివిజన్ 3 కోచ్‌లకు మెయిల్, ఫోన్ విషయంలో ఈ కట్టుబాటు లేదు. వాళ్లు ఇప్పుడే జవాబు ఇవ్వొచ్చు. ఆ ఇరవైలో డివిజన్ 3 కాలేజీలు ఎన్నున్నాయో ఒకసారి చూడండి. బహుశా ఒక్కటీ ఉండదు.

ఇక ఎత్తు. ఆడవాళ్ల నెట్ 2.24 మీటర్లు, అంటే 7 అడుగుల 4 అంగుళాల పైచిలుకు. దాని మీద కొట్టడానికీ, బ్లాక్ చేయడానికీ పెద్ద జట్లు ఆరడుగులవాళ్లను వెతుకుతాయి. కోర్టులో ఆ లెక్క లేనిది లిబెరోలాంటి వెనక వరసవాళ్లకే. నెబ్రాస్కా యూనివర్సిటీకి నాలుగేళ్లు ఆడి దేశంలోనే పేరు తెచ్చుకున్న లెక్సీ రోడ్రిగెజ్‌ది మీ అమ్మాయి ఎత్తే. అదే యూనివర్సిటీ నుంచి వచ్చిన జస్టిన్ వాంగ్-ఒరాంటెస్ కూడా పొట్టే. టోక్యో ఒలింపిక్స్‌లో అమెరికాకు స్వర్ణం వచ్చినప్పుడు ఉత్తమ లిబెరో ఆమే. ఎత్తు గురించి ఇంట్లో ఇక మాట్లాడుకోవద్దు.

అసలు ఇబ్బంది ఖాళీల దగ్గరుంది. లిబెరో ఒకసారికి కోర్టులో ఒక్కరే. 2024 నుంచి ఎన్‌సీఏఏలో సెట్‌కి ఇద్దరు లిబెరోలను ప్రకటించే వీలొచ్చింది, అయినా లోపల ఉండేది ఒక్కరే. జట్టు మొత్తమ్మీద వెనక వరసకే పరిమితమైనవాళ్లు నలుగురో ఐదుగురో ఉంటారు. ఆటగాళ్లు ఎన్‌సీఏఏ మీద వేసిన కేసులో కుదిరి, 2025లో కోర్టు ఆమోదించిన రాజీ ఒప్పందం (హౌస్ సెటిల్‌మెంట్)లో చేరిన కాలేజీల్లో వాలీబాల్ జట్టు 18 మందిని మించకూడదు. అంతకుముందు స్కాలర్‌షిప్ లేకుండా, ప్రాక్టీసుకి వస్తూ, రెండో ఏడాదికో మూడో ఏడాదికో కోర్టెక్కే వాక్-ఆన్‌లు ఉండేవారు. వాళ్లలో ఎక్కువమంది మీ అమ్మాయిలాంటి వెనక వరస పిల్లలే. ఈ పరిమితితో ముందు తగ్గిపోయేవి ఆ స్థానాలే. దీనికి తోడు ట్రాన్స్‌ఫర్ పోర్టల్, అంటే కాలేజీ మారాలనుకునే ఆటగాళ్లు పేరు నమోదు చేసుకునే జాబితా. పదిహేడేళ్ల పిల్లను తెచ్చి రెండేళ్లు తయారు చేయడం కంటే, వేరే కాలేజీలో మూడేళ్లు ఆడి వచ్చిన అమ్మాయిని తీసుకోవడం కోచ్‌కి సులువు.

అందుకే "డివిజన్ 1 ఆడగలదు" అన్న మాటను అలాగే వదిలేయకండి. ఆ కోచ్‌ని కూర్చోబెట్టి అడగండి: "ఏ పది కాలేజీలు? అక్కడి కోచ్‌తో మీరు మాట్లాడారా? మా అమ్మాయి కాలేజీలో చేరే ఏడాది అక్కడ లిబెరోలు ఎవరు వెళ్లిపోతున్నారు?" మూడో ప్రశ్నకు జవాబు మీరే కనుక్కోవచ్చు. ప్రతి కాలేజీ జట్టు జాబితా, ఎవరు ఏ సంవత్సరంలో ఉన్నారో సహా, వాళ్ల సైట్‌లో ఉంటుంది. లిబెరో, డిఫెన్సివ్ స్పెషలిస్ట్ అని ఉన్న పేర్లు చూడండి. ఈ ఏడాది ఇద్దరు ఫ్రెష్‌మన్ (మొదటి ఏడాది) పిల్లలను తీసుకున్న కాలేజీలో మీ అమ్మాయి ఎంత బాగా ఆడినా చేరిన ఏడాది బెంచీ తప్పకపోవచ్చు. ముగ్గురు ఒకేసారి వెళ్లిపోతున్న చోట ఈమె మెయిల్‌కి విలువ వస్తుంది.

డిఫెన్సివ్ స్పెషలిస్ట్ అంటే లిబెరో జెర్సీ లేకుండా వెనక వరసలో ఆడే అమ్మాయి. అమెరికా కాలేజీ ఆటలో సెట్‌కి 15 సబ్‌స్టిట్యూషన్లు ఇస్తారు. అందుకే ఒక హిట్టర్ వెనక్కి తిరగ్గానే ఆమెను తీసేసి వీళ్లను దింపుతారు. అంతర్జాతీయ నిబంధనల్లో అవి 6 మాత్రమే కాబట్టి బయటి దేశాల జట్లలో వీళ్లకు చోటు దొరకదు. కాలేజీలో ఏ పాత్రకి తీసుకుంటున్నారో, లిబెరో స్థానం కోసం ఎవరితో పోటీ పడాలో ముందే అడగడం మంచిది.

లిబెరోని కోచ్ కొలిచేది సర్వ్ రిసీవ్‌తో. ప్రతి పాస్‌కీ 0 నుంచి 3 దాకా మార్కు వేస్తారు. సెటర్ కదలకుండా అందుకుని ముగ్గురిలో ఎవరికైనా ఇవ్వగలిగితే 3. మధ్యలో ఉన్న హిట్టర్‌కి దారి మూసుకుపోయి పక్కలకే ఇవ్వాల్సి వస్తే 2. ఎక్కడో లేచిన బంతిని ఒకే ఒక్కరికి ఎత్తి ఇవ్వాల్సి వస్తే 1. బంతి లేవక అవతలి వాళ్లకు నేరుగా పాయింటు పోతే (ఏస్) 0. సగటు 2.0 అంటే పర్వాలేదు. గట్టి జట్ల మీద కూడా 2.3 దగ్గర నిలిస్తే కోచ్‌లు ఆగి చూస్తారు. క్లబ్బు ఈ లెక్క రాయకపోతే మీరే వీడియో చూస్తూ రాయొచ్చు. తేలిక మ్యాచ్‌ల అంకెలు కలపొద్దు.

పిల్లలు చేసే వీడియోల్లో ఎక్కువ పొరపాట్లు లిబెరోలవే. పాట పెట్టి, దొర్లి దొర్లి తీసిన డిగ్‌లు వరుసగా అతికిస్తారు. కోచ్ చూసేది అది కాదు. హిట్టర్ చెయ్యి వెనక్కి వెళ్లేసరికే ఈ అమ్మాయి పాదాలు ఎక్కడున్నాయి, సర్వ్ నెట్ దాటకముందే ఎటు జరిగింది, పక్క పిల్లలతో మాట్లాడుతోందా, తప్పు చేశాక తర్వాతి బంతికి ఎలా నిలబడింది, ఇవి చూస్తారు. నేల మీద పడి తీసిన బంతి చాలాసార్లు ఆలస్యంగా కదిలినందుకే పడి తీయాల్సి వచ్చిందని వాళ్లకు తెలుసు. కెమెరా ఎండ్‌లైన్ వెనక, కాస్త ఎత్తులో, కోర్టంతా కనిపించేలా పెట్టండి. మొత్తం మూడు నాలుగు నిమిషాలు చాలు. మొదటి అరనిమిషం సర్వ్ రిసీవ్‌కే ఇవ్వండి. సాగదీసిన ర్యాలీలు రెండింటిని కత్తిరించకుండా ఉంచండి. లిబెరో కూడా ఒక రొటేషన్‌లో సర్వ్ చేయొచ్చు కాబట్టి ఆమె సర్వ్‌లు కూడా కలపండి. సర్వ్ గట్టిగా ఉన్న లిబెరోకి పోటీలో ఒక మెట్టు ఎక్కువ.

మెయిల్ అమ్మాయే రాయాలి, మీరు కాదు. పేరు, హైస్కూల్ పూర్తయ్యే ఏడాది, ఆడే స్థానం, జీపీఏ, చదవాలనుకున్న సబ్జెక్టు, క్లబ్బు జట్టు పేరు, జెర్సీ నంబరు, వీడియో లింకు, ఇవన్నీ పది వాక్యాల్లో సర్దాలి. డాలస్‌లో జరిగే లోన్ స్టార్ క్లాసిక్ లాంటి క్వాలిఫయర్‌కి, అంటే జాతీయ పోటీలకు అర్హత ఇచ్చే టోర్నీకి వెళ్లే వారంలో కోర్టు నంబరు, టైము కలిపి మళ్లీ పంపాలి. బోలెడు కోర్టులున్న హాల్లో ఆ ఒక్క లైనే కోచ్‌ని మీ వైపు తీసుకొస్తుంది.

స్కాలర్‌షిప్ మాట. ఒకప్పుడు డివిజన్ 1 వాలీబాల్‌లో 12 పూర్తి స్కాలర్‌షిప్‌లు ఉండేవి, ముక్కలు చేయడానికి లేదు. ఇప్పుడు సెటిల్‌మెంట్‌లో చేరిన కాలేజీ 18 మందికీ, పూర్తిగానో సగంగానో, ఇవ్వొచ్చు. ఇవ్వొచ్చు అంటే ఇస్తారని కాదు. డబ్బున్న కాలేజీలు తక్కువ. డివిజన్ 2లో 8 స్కాలర్‌షిప్‌ల డబ్బును జట్టంతా పంచుకుంటారు. ఎన్‌సీఏఏకి బయట నడిచే మరో సంఘం ఎన్ఏఐఏ కాలేజీల్లోనూ అంతే. డివిజన్ 3లో ఆటకు ఒక్క డాలరూ ఇవ్వరు. కాగితం చేతికొచ్చినప్పుడు ఎన్నేళ్లకి ఇస్తున్నారో చూడండి. ఒక్క ఏడాదికే అయితే ఆ గడువులో ఆట తగ్గిందనో, దెబ్బ తగిలిందనో కోయకూడదు గానీ, ఏడాది ముగిశాక కొనసాగిస్తారో లేదో ముందే అడిగి తెలుసుకోండి. నోటిమాటకు ఎటువైపూ కట్టుబాటు లేదు. ఇంకొక్కటి: ట్యూషన్, ఫీజులు, పుస్తకాలకు పోయే స్కాలర్‌షిప్‌కి పన్ను లేదు. వసతికీ భోజనానికీ ఇచ్చిన భాగానికి ఉంటుంది.

మీ అమ్మాయి మార్కులకు నిజమైన డబ్బు మెరిట్ స్కాలర్‌షిప్‌లో ఉంది. 3.9కి తోడు మంచి ఎస్ఏటీ స్కోరు ఉంటే చాలా ప్రైవేటు కాలేజీలు డివిజన్ 2 లిబెరోకి వచ్చే ముక్క కంటే ఎక్కువే తగ్గిస్తాయి. డివిజన్ 3 అనగానే మనవాళ్ల మొహం చిన్నబోతుంది, మూడో తరగతి రైలు పెట్టెలా అనిపిస్తుంది కాబోలు. జాన్స్ హాప్‌కిన్స్, ఎమరీ, వాషింగ్టన్ యూనివర్సిటీ ఇన్ సెయింట్ లూయిస్, షికాగో యూనివర్సిటీ, కార్నెగీ మెలన్, ఎంఐటీ, ఇవన్నీ వాలీబాల్‌లో డివిజన్ 3. టెక్సస్‌లోనే శాన్ ఆంటోనియోలో ట్రినిటీ, జార్జ్‌టౌన్‌లో సౌత్‌వెస్టర్న్ ఉన్నాయి. 2019లో జాన్స్ హాప్‌కిన్స్ అమ్మాయిలు ఒక్క మ్యాచ్ కూడా ఓడకుండా డివిజన్ 3 టైటిల్ కొట్టారు. ఇలాంటి చోట కోచ్ మద్దతు అడ్మిషన్ ఆఫీసులో బరువు తూగుతుంది, ఎంత తూగుతుందనేది కాలేజీని బట్టి. పదకొండో తరగతి అయ్యాక వచ్చే వేసవిలో కోచ్ మార్కులు, ఎస్ఏటీ స్కోరు తీసుకుని అడ్మిషన్ వాళ్లకు ముందుగా చూపిస్తారు. ప్రీ-రీడ్ అంటారు దాన్ని. ఎంఐటీకి ఎస్ఏటీ గానీ ఏసీటీ గానీ తప్పనిసరి. మీవారు ఎస్ఏటీ అడగడం సరైనదే, దానికోసం ఆట మానేయాలనడమే సరికాదు. క్వాలిఫయర్ల జోరు పెరగకముందే, పదకొండో తరగతి శీతాకాలం లోపు ఒకసారి రాయిస్తే రెండూ కుదురుతాయి.

హెచ్-4 విషయం ఆలస్యం చేయొద్దు. ఆడటానికి హెచ్-4 అడ్డం కాదు, స్కాలర్‌షిప్ తీసుకోవడానికీ కాదు. అయితే కేంద్ర ప్రభుత్వ సాయం రాదు, చాలా కాలేజీలు ఆర్థిక సాయం లెక్కలో వీళ్లను విదేశీ విద్యార్థుల కిందే చూస్తాయి. కోచ్‌తో రెండో సంభాషణలోనే "హెచ్-4 పిల్లలకు మీ దగ్గర మెరిట్ సాయం ఉందా?" అని అడిగించండి. 21 ఏళ్లు నిండగానే హెచ్-4 పోతుంది, అది కాలేజీ మూడో ఏడాదిలోనో నాలుగో ఏడాదిలోనో పడుతుంది. విద్యార్థి వీసా ఎఫ్-1కి అంతకు చాలా ముందే మారాలి. స్టాంపింగ్‌కి ఇండియా వెళ్లాల్సి వస్తే మే, జూన్‌లలో పెట్టుకోండి. ఆగస్టులో పాస్‌పోర్ట్ కాన్సులేట్‌లో చిక్కుకుంటే సీజనే పోతుంది. తోటి పిల్లలు తమ పేరు, ఫొటో వాడుకోనిచ్చి డబ్బు తీసుకుంటుంటే ఈమె తొందరపడకూడదు. పని చేసే అనుమతి లేని వీసా మీద ప్రకటనకు తీసుకున్న చిన్న మొత్తమైనా రేపు గ్రీన్‌కార్డు దగ్గర ప్రశ్న అవుతుంది. ఏ కాగితం మీదైనా సంతకం ముందు ఇమిగ్రేషన్ లాయర్ చూడాలి. కాలేజీ ఆటల విభాగం "ఫర్వాలేదు" అన్న మాట సరిపోదు.

చదువు పాడవుతుందా అంటే, గంటల లెక్క తెలిసి చేరితే పాడవదు. సీజన్ ఆగస్టు మొదట్లో ప్రాక్టీసుతో మొదలై, చివరిదాకా వెళ్లే జట్లకు డిసెంబర్‌లో ముగుస్తుంది. డివిజన్ 1లో నిబంధన ప్రకారం వారానికి 20 గంటలు, రోజుకి 4 గంటలు మించకూడదు, ఒక రోజు సెలవు. మ్యాచ్ రోజును ఎంతసేపు ఆడినా 3 గంటలుగానే లెక్కేస్తారు. ప్రయాణం, ఫిజియో దగ్గర గడిపే సమయం, స్వచ్ఛందం పేరుతో చేసేవి ఆ 20లోకి రావు. అన్నీ కలిపితే నిజానికి 30 గంటలు దాటుతుంది. చిక్కు వచ్చేది మధ్యాహ్నం కెమిస్ట్రీ ల్యాబులతో. చాలా జట్ల ప్రాక్టీసు సరిగ్గా ఆ వేళకే. "ఇప్పుడు జట్టులో ఇంజినీరింగ్, ప్రీ-మెడ్ చదివేవాళ్లు ఎంతమంది? ల్యాబ్ ఉన్న రోజు ఏం చేస్తారు?" అని కోచ్‌ని కాకుండా ఆ పిల్లల్నే అడగాలి. కష్టమైన సబ్జెక్టులు వసంతం సెమిస్టర్‌లోకి జరుపుకోవచ్చు. వేసవి ఇంటర్న్‌షిప్ జూలై ఆఖరికల్లా ముగిసేలా ఒప్పందం చేసుకోవాలి.

అర్హతకు 16 కోర్ కోర్సులు, డివిజన్ 1కి 2.3 జీపీఏ కావాలి. మీ అమ్మాయికి అదొక లెక్క కాదు. కాకపోతే పన్నెండో తరగతి మొదలయ్యేలోగా వాటిలో 10 పూర్తి కావాలి, వేసవిలో చదివిన ఆన్‌లైన్ కోర్సు ఎన్‌సీఏఏ జాబితాలో ఉండాలి. లేనిది లెక్కలోకి రాదు.

ఒంటి సంగతి తల్లిగా మీరే చూసుకోవాలి. లిబెరోకి మోకాళ్లు, నడుముతో పాటు తలకు తగిలే బంతులు ప్రమాదం. దెబ్బ తగిలాక తలనొప్పి, వెలుతురు పడకపోవడం, మాట తడబడటం ఉంటే ఆ రోజు ఆట ఆగిపోవాలి, "బాగానే ఉన్నా" అన్నా సరే. ఇంట్లో శాకాహారమైతే ఏడాదికోసారి ఫెరిటిన్ (ఒంట్లో ఇనుము నిల్వ), బి12 పరీక్ష చేయించండి. హిమోగ్లోబిన్ బాగానే ఉండి ఫెరిటిన్ పడిపోయిన పిల్లలు మూడో సెట్‌కే నీరసపడతారు, కోచ్‌కి అది బద్ధకంలా కనిపిస్తుంది. ఆటల పిల్లలకు నెలసరి తప్పడం మామూలే అని ఎవరన్నా నమ్మకండి. మూడు నెలలు రాకపోతే డాక్టర్ దగ్గరకు తీసుకెళ్లాలి. తిండి చాలక ఎముకలు బలహీనపడుతున్నాయనడానికి చాలాసార్లు అదే మొదటి గుర్తు.

ఆడాక ఏం మిగులుతుందన్న ప్రశ్న వెనక మన ఊరి లెక్క ఉంది. అక్కడ బాగా ఆడితే రైల్వేలో ఉద్యోగం వస్తుంది. పీవీ సింధు తల్లిదండ్రులు విజయ, రమణ ఇద్దరూ అలా రైల్వేకి ఆడిన వాలీబాల్ క్రీడాకారులే. అమెరికాలో అలాంటి కోటా లేదు. వృత్తి లీగులు ఈమధ్యే వచ్చాయి: 2024 జనవరిలో ఒకటి, 2025 జనవరిలో ఆరు జట్లతో లవ్ అని పిలిచే లీగ్ వన్ వాలీబాల్. అందులో ఆస్టిన్, హ్యూస్టన్ జట్లూ ఉన్నాయి. జట్టుకి లిబెరోలు ఒకరిద్దరే. ఇటలీ, టర్కీ క్లబ్బులు విదేశీ స్థానాలను ఎక్కువగా హిట్టర్లకే ఖర్చు చేస్తాయి. అందుకని లీగ్ జీతాన్ని లెక్కలో వేసుకోకండి. కోచింగ్ దారి వేరు. గ్రాడ్యుయేట్ అసిస్టెంట్‌గా చేరితే మాస్టర్స్ ఫీజులో చాలా భాగం కాలేజీయే భరిస్తుంది. పెద్ద జట్లు డేటావాలీ అనే సాఫ్ట్‌వేర్‌లో ప్రతి బంతినీ కోడ్‌గా రాసి విశ్లేషిస్తాయి. లెక్కల్లో చురుకైన లిబెరోకి అది సరిగ్గా సరిపోయే పని, ఆటంతా వెనక నుంచి చూసే కన్ను ఆమెకు ముందే ఉంటుంది. అమ్మాయి ఇప్పుడే పైథాన్ నేర్చుకుంటుంటే చెప్పండి, విద్యార్థిగానే జట్టు విశ్లేషణలో చెయ్యి వేయనిచ్చే కోచ్‌లు ఉన్నారు.

ఖర్చు గురించి ఒక మాట. వచ్చే సీజన్‌కి క్లబ్బు మారాలన్నా ఉండాలన్నా, అడగాల్సింది "ఈ జట్టులో లిబెరో జెర్సీ ఎవరిది?" అని. పేరున్న మొదటి జట్టులో బెంచీ మీద కూర్చునే పిల్లకు వీడియో ఉండదు. రెండో జట్టులో అన్ని సెట్లూ ఆడే పిల్లకు ఉంటుంది, ఫీజూ ప్రయాణాలూ తగ్గుతాయి. ఈ నెలలో చేయాల్సింది ఇంతే: పదిహేను కాలేజీల జాబితా మళ్లీ రాయండి, అందులో ఎనిమిదైనా డివిజన్ 3 ఉండాలి, ప్రతి పేరు పక్కన అక్కడి లిబెరోలు ఏ ఏడాది వెళ్లిపోతారో రాయండి. ఆ కాగితాన్ని మీవారి ముందు పెట్టి మాట్లాడండి. ఆ ఎనిమిది మంది డివిజన్ 3 కోచ్‌లకు అమ్మాయి చేత ఈ ఆదివారమే మెయిల్ పెట్టించండి.